అల్పాయుష్కుల స్మృతి: స్మారకనిధి యెట్లుండవలెను?



ఉదయమున హాజరుపట్టీ చదువునప్పుడు ప్రతి పేరునకును ఒక జవాబు వచ్చును. ఒకానొక దినమున ఒక పేరునకు జవాబు రాదు. జ్వరమేమో యనుకొందుము. మరునాడును రాదు. కొన్ని దినములైన పిమ్మట ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో ఆ పేరుమీద గీత గీయును. ఆ తరగతి పిల్లలు కొంతకాలమువఱకు పిలుపు ఆ గీతయొద్దకు వచ్చినప్పుడెల్ల తలలు వంచుకొందురు. సంవత్సరము తిరుగగనే తరగతి మాఱును; క్రొత్తపట్టీ వచ్చును. అందు ఆ పేరును లేదు, ఆ గీతయు లేదు.

ఏ పెద్ద పాఠశాలకైనను ఇట్టి దుఃఖ మెప్పుడో యొకప్పుడు తప్పదు. అప్పుడు మన మేమి చేయుదుము? గంట కొట్టి సభ కూర్తుము. మౌనముగా నిలుతుము. సంతాపతీర్మానము వ్రాసి తల్లిదండ్రులకు పంపుదుము. సెలవిత్తుము. పటము కట్టించి దండవేయుదుము. ఇవియన్నియు చేయదగిన పనులే. చేయకున్న మనము మనుష్యులము కాము. కాని మూడవయేట ఆ పటముమీద దుమ్ము పేరుకొన్నప్పుడు దానిక్రింద నడచు చిన్నతరగతి పిల్లవాడు “ఈ అన్న యెవరు?” అని యడిగిన, చెప్పగలవా రెందఱుందురు?

ఇచట నొక మాట గమనింపుడు. పాఠశాల ఆ బిడ్డను మరణించిన తేదీయందే నిలిపివేయును. తల్లికి మాత్రము ఆ బిడ్డ యేటేట పెరుగుచునే యుండును. “ఈయేడు పదవతరగతి వ్రాసియుండును, ఈయేడు ఉద్యోగమున కేగియుండును” అని యామె లెక్కించుకొనుచుండును. కావున అల్పాయుష్కుల స్మృతికి తగినది ఏటేట తానును పెరుగునట్టిదై యుండవలెను. పటము పెరుగదు, శిలాఫలకము పెరుగదు. చక్కగా నేర్పఱచిన స్మారకనిధి పెరుగును. అది యెట్లు పెరుగునో, ఎట్లు చెడునో, దాని నెవ్వరు కాపాడవలెనో తెలిసికొనుటయే ఈ పాఠముయొక్క యుద్దేశము.

1. పేరు నిలుచుట, జీవితము నిలుచుట

ముందుగా మన పట్టణమునుండియే యొక యుదాహరణము తీసికొందము. 1946వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన వరంగల్లు కోటలో జాతీయపతాక మెగురవేయబడెను. ఆ సందర్భమున రజాకార్లు దాడి చేసిరి. కల్లుగీత వృత్తిగాగల బత్తిని మొగిలయ్య యను యువకుడు వారి నెదిరించి ప్రాణములు గోల్పోయెను. తరువాతికాలమున ఆయన పేరిట పట్టణమున నొక భవనము కట్టబడెను. దానినే జనులు మొగిలయ్య హాలందురు.

భవనము శిలాఫలకముకంటె మేలు. ఏలయన పదిమంది కూర్చుండి మాటలాడుకొనుటకు అది నీడనిచ్చును. అయినను “మొగిలయ్య హాలువద్ద కలిసికొందము” అనుకొనువారిలో ఆ మొగిలయ్య యెవరో, ఏ దినమున ఎందులకు మరణించెనో యెఱిగినవారెందఱు? మీ యింటివారినే యడిగి చూడుడు. కాలము గడచినకొలది మనిషిపేరు దారిగుర్తుగా మాఱిపోవును. ఇది భవనము కట్టించినవారి తప్పుగాదు. పేరును గోడమీద వ్రాయుటతో పని ముగిసినదనుకొను మనందఱి తప్పు. పేరు నిలుచుట వేఱు. ఆ పేరుగల జీవితము నిలుచుట వేఱు. రెండవదానికి ఏటేట ఎవ్వరో యొకరు చెప్పుచుండవలెను, ఎవ్వరో యొకరు వినుచుండవలెను.

2. నిధి యనగా నేమి?

ఒకరి మరణసందర్భమున పోగగు ధనము రెండువిధములు. మొదటిది సహాయధనము. విదేశములలో చదువుకొనుచు తెలుగు విద్యార్థి యెవరైన అకాలముగా మరణించినప్పుడు, అచటి సహవాసులు కొద్దిదినములలోనే చందాలు పోగుచేసి, దేహమును స్వదేశమునకు పంపుటకును, తల్లిదండ్రుల యప్పులు తీర్చుటకును ఇచ్చుచుందురు. ఇది గొప్ప యుపకారము. కాని యా ధనము వెంటనే వ్యయమగును, కావలసినదియు నదియే. ఆకలిగొన్నవానికి పెట్టిన యన్నము నిలువయుండవలెనని యెవ్వరు కోరుదురు?

రెండవది స్మారకనిధి. ఇందు మూలధనమును ముట్టరాదు. దానిపై వచ్చు వడ్డిని మాత్రమే వాడవలెను. కాకతీయుల కాలమునాటి పాకాలచెరువును మీలో పలువురు చూచియుందురు. రైతు తూము తెఱచి పొలమునకు నీరు పెట్టును. కట్టను మాత్రము త్రవ్వడు. కట్ట త్రవ్వినచో ఆ యొక్క దినమున నీరు మిక్కుటముగా వచ్చును. మరుసటియేడు పొలమును లేదు, చెరువును లేదు. నిధికి మూలధనమే కట్ట, వడ్డియే తూమునీరు. వానలు లేనియేడు తూమునీరు తగ్గును. అప్పుడు పొలమును తగ్గించుకొనవలెనుగాని కట్టమీద పార వేయరాదు.

ఈ రెండింటిని కలగలుపుట చేత పెక్కు సత్కార్యములు చెడినవి. చందా యిచ్చువారికి ఇది వెంటనే వ్యయమగునదియో, నిలువయుండునదియో మొదటనే తెలుపవలెను. రెండును అవసరమైనచో రెండు లెక్కలు వేఱువేఱుగా నుంచవలెను.

అయితే ధనము నిలిచినంతమాత్రమున స్మృతి నిలుచునా? నిలువదు. ఆ ధనము ఏ పనికి వినియోగింపబడుచున్నదో యందే స్మృతి యున్నది. దీనిని గ్రహించుటకు ముగ్గురు అల్పాయుష్కుల కథలు వినుడు. ఇద్దఱు తెలుగువారు, ఒకడు అమెరికా దేశపు బాలుడు.

3. దామెర్ల రామారావు

దామెర్ల రామారావుగారు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన జన్మించిరి. చిన్ననాటనే చిత్రలేఖనమున మక్కువ మెండు. అప్పటి రాజమహేంద్రవర కళాశాలాధ్యక్షులు ఆస్వాల్డు కూల్డ్రే దొరగారు స్వయముగా చిత్రకారులు. వారు ఈ బాలుని ప్రజ్ఞను గుర్తించి, ప్రోత్సహించి, బొంబాయి జె. జె. కళాపాఠశాలకు పోవుటకు తోడ్పడిరి. అచట విద్యముగించి రామారావుగారు స్వస్థలమునకే మరలివచ్చిరి. బొంబాయిలో కీర్తి సంపాదింపగలిగియు గోదావరీతీరమున ఆంధ్రబాలురకు చిత్రకళ నేర్పుటకు పూనుకొనిరి. అంతలో మశూచి సోకి 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన మరణించిరి. ఇరువదియెనిమిదేండ్లు నిండుటకు ఇంక నొక మాసము కొఱత.

ఆయన మిత్రులును బంధువులును ఏమి చేసిరో చూడుడు. మొదట, చిత్రములను చెదరిపోనీయలేదు. ఒక్కొక్కటి యొక్కొక్క ధనికుని గోడ చేరియుండినచో నేడు రామారావుగారి ప్రజ్ఞ యెట్టిదో తెలిసికొనుటకు వీలు లేకపోయెడిది. రెండవది, ఆయన నెలకొల్పిన చిత్రకళాబోధనను ఆగిపోనీయలేదు. మిత్రులగు వరదా వెంకటరత్నముగారు ఆ భారమును వహించి దీర్ఘకాలము శిష్యులకు నేర్పిరి. ఆ చిత్రములున్న శాల తరువాత ప్రభుత్వాధీనమై రాజమహేంద్రవరమున రామారావుగారి పేరిట నిలిచినది.

ఇందలి నీతి యేమి? వారు “రామారావు గొప్ప చిత్రకారుడు” అని ఫలకముమీద చెక్కించి యూరకుండలేదు. ఆయన చేసినది కాపాడిరి, చేయబోయినది సాగించిరి. ఈ రెండును చేసినప్పుడే స్మారకము పూర్ణమగును.

4. గొల్లపూడి శ్రీనివాసు

రచయితగను నటుడుగను ప్రసిద్ధులైన గొల్లపూడి మారుతీరావుగారి కుమారుడు శ్రీనివాసు. చలనచిత్ర దర్శకత్వము నేర్చి, “ప్రేమ పుస్తకము” అను తన మొట్టమొదటి చిత్రమును ప్రారంభించెను. 1992వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన విశాఖపట్టణపు సముద్రతీరమున చిత్రీకరణ జరుగుచుండగా అలతాకిడికి లోనై మరణించెను. అప్పటి కాతనికి ఇరువదియాఱేండ్లు.

తండ్రి యా చిత్రమును తానే పూర్తిచేసెను. అది 1993లో విడుదలయ్యెను. కుమారుడు సగములో విడిచిన పనిని తండ్రి చేతబట్టుట యెంత కష్టమో మాటలలో చెప్పనలవి కాదు. అంతటితో నాగక కొన్నియేండ్లకు ఆ కుటుంబము గొల్లపూడి శ్రీనివాస్ స్మారక సంస్థను స్థాపించి, భారతదేశమందలి భాషలన్నిటిలో మొదటి చిత్రము తీసిన దర్శకులనుండి ఏటేట నొకరి నెన్నుకొని బహుమాన మిచ్చు నేర్పాటు చేసెను. బహుమానప్రదానము ఆగస్టు 12వ తేదీననే చెన్నపట్టణమున జరుగుచుండెను. బహుమతి ధనము లక్షయేబదివేల రూపాయలవఱకు పెరిగెను. దానితోబాటు స్మారకోపన్యాసము కూడ నేర్పఱచిరి. అక్షరములు గుర్తింపలేక తరగతిలో వెనుకబడిన యొక బాలుని కథను చెప్పిన “తారే జమీన్ పర్” అను 2007వ సంవత్సరపు హిందీ చిత్రమునకై ఆమిర్ ఖానుగారు ఈ బహుమానము నందిరి. మారుతీరావుగారు 2019వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన కాలధర్మము నొందిరి.

ఈ బహుమానమునందలి సూక్ష్మమును గ్రహింపుడు. అది అత్యుత్తమ చిత్రమున కని తండ్రి నిర్ణయింపలేదు. వృద్ధులగు ప్రసిద్ధ దర్శకులకును కాదు. మొదటి చిత్రము తీయువానికే యిచ్చెను. ఏలయన తన కుమారుడు నిలిచిన గడప యదియే. ఆ గడపమీద నిలిచి భయముతో ఆశతో ముందడుగు వేయు ప్రతి యువకుడును ఆ తండ్రి కంటికి శ్రీనివాసుగానే కనబడెనేమో! మరణించిన దినము ఏటేట ఇంటిలో ఏడ్చెడిదినము మాత్రమే కాక, ఎచ్చటి యువకుడో యొకడు సంతోషించుదినముగా మాఱెను. దుఃఖము పోలేదు, దుఃఖమునకు పని దొరకెను.

5. స్టాన్‌ఫర్డు బాలుడు

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము పేరు మీరు వినియుందురు. దాని పూర్తిపేరు లీలండ్ స్టాన్‌ఫర్డ్ జూనియర్ విశ్వవిద్యాలయము. ఆ జూనియర్ అనునది పండితుని పేరు కాదు, ఒక బాలుని పేరు. ఆతడు తల్లిదండ్రుల కొక్కడే కొడుకు. యూరపుఖండ యాత్రలో విషజ్వరము సోకి 1884వ సంవత్సరము మార్చి 13వ తేదీన ఇటలీదేశమందలి ఫ్లారెన్సు నగరమున మరణించెను. పదునాఱేండ్లు నిండుటకు రెండుమాసములు తక్కువ. తల్లిదండ్రులు తమ యాస్తిని ఇతరుల బిడ్డల విద్యకొఱకు ధారవోయ సంకల్పించి 1885లో దానపత్రము వ్రాసిరి. 1891 అక్టోబరు 1వ తేదీన విశ్వవిద్యాలయము తెఱవబడెను.

ధనవంతుల కిదియేమి గొప్ప యని మీరనవచ్చును. వినుడు. 1893లో తండ్రి మరణింపగా ఆస్తి వ్యాజ్యములలో చిక్కుకొనెను. విద్యాలయమును మూసివేయుట మంచిదని సలహా చెప్పినవారుండిరి. తల్లి జేన్ స్టాన్‌ఫర్డుగా రందుల కొప్పుకొనక, న్యాయస్థానము తన గృహవ్యయమునకై అనుమతించిన ధనమునుండియే ఉపాధ్యాయుల జీతములిచ్చి యా కష్టకాలమును దాటించిరి. కావున స్మారకమును నిలిపినది ఆస్తి యొక్కటియే కాదు; ఎవ్వరేమన్నను తలుపు మూయనీయని యొక మనిషి. పదిరూపాయల నిధికైనను అట్టి మనిషి యొకరుండవలెను.

6. చిత్రములు వ్రాయని బిడ్డల మాట

ఇంతవఱకు విని తల్లిదండ్రులలో కొందఱు ఇట్లడుగవచ్చును: “రామారావు చిత్రములు వ్రాసెను, శ్రీనివాసు చలనచిత్రము తీసెను. మా బిడ్డ పండ్రెండేండ్లవాడు. ఏ ఘనకార్యమును చేయలేదు. వాని పేరిట దేనిని సాగింపవలెను?”

ఈ ప్రశ్నయే ఈ పాఠమునకు ప్రాణము. బాల్యమున మరణించువారిలో నూటికి తొంబదితొమ్మండ్రుగురు ఘనకార్యము లేవియు చేసినవారు కారు. వారికి బహుమతులు లేవు, పత్రికలలో పేర్లు లేవు. కాని జీవితము లేకపోలేదు. ఒకడు సెలవుదినములలో తమ్ముని వెంటబెట్టుకొని గ్రంథాలయమునకు పోవుచుండెను. ఒకతె తన భోజనపుగిన్నెను ప్రక్కదానితో పంచుకొనుచుండెను. ఒకడు గణితమున నెప్పుడును తప్పుచు, అయినను బడి మానక, సాయంకాలము ఉపాధ్యాయుని వెంటబడి యడుగుచుండెను. ఒకడు బంతియాట తప్ప మఱియొకటి యెఱుగడు. ఇవి యల్పములని యెవ్వరనగలరు? ఆ యేండ్లలో జీవితమనగా నిదియే.

సాధారణముగ మన మేమి చేయుదుము? వాని పేరిట “ప్రథమస్థానము వచ్చినవారికి” పతకము పెట్టుదుము. గణితమున తప్పుచుండిన వాని పేరిట గణితమున మొదటివానికి పతకము! ఆ మొదటివాని కిప్పటికే మూడు పతకము లున్నవి. మరణించిన బాలునికిని, పతకము నందిన బాలునికిని ఏ సంబంధమును లేదు. అంతకంటె సాయంకాలమున వెనుకబడిన పిల్లలకు గణితము చెప్పించుటకు ఆ వడ్డి వాడినచో, వాడు కూర్చుండిన బల్లమీదనే వానివంటివాడొకడు కూర్చుండును. గ్రంథాలయమునకు పోవువాని పేరిట ఏటేట పది పుస్తకములు. అన్నము పంచుకొన్నదాని పేరిట దూరపుపల్లెనుండి వచ్చు నొక బాలికకు మధ్యాహ్నభోజనము. ఆటగాని పేరిట బంతులు, వల, మైదానము చదునుచేయు కూలి. ఇట్టి యేర్పాటులకు లక్షలు వలదు.

కావున నిధి నేర్పఱచుటకు ముందు ఒక కాగితముమీద రెండు ప్రశ్నలు వ్రాసి, ఆ బిడ్డ నెఱిగినవారి నందఱిని అడుగుడు. వాడు దేనియందు సంతోషించెను? వానికి దేని కొఱత యుండెను? తల్లి నడుగుడు, తోడికూర్చుండువాని నడుగుడు, బడి బంట్రోతు నడుగుడు. ఆ జవాబులలో నిధియొక్క ప్రయోజనము దానంతట నదియే దొరకును.

7. లెక్క

ఇపుడు గణితపుస్తకము తెఱవుడు. ఒక తరగతివారును, వారి తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును కలిసి 25,000 రూపాయలు పోగుచేసిరనుకొందము. నూటికి ఏటికి 6 రూపాయల వడ్డిచొప్పున నిలువయుంచినచో సంవత్సరమునకు 1,500 రూపాయలు వచ్చును. అంతయు వ్యయము చేయుదమా? వలదు. ఐదింట నాలుగుపాళ్లు, అనగా 1,200 రూపాయలు పుస్తకములకు వ్యయముచేసి, 300 రూపాయలు మూలధనమున కలుపుదము. రెండవయేటికి మూలధనము 25,300. వడ్డి 1,518 రూపాయలు. ఇట్లు పండ్రెండేండ్లు చేసినచో మూలధనము సుమారు 28,850 రూపాయలగును. వడ్డి సుమారు 1,730 రూపాయలు.

ఇది చాలునా? ధరలుకూడ ఏటికి నూటికి 6 వంతున పెరుగుచున్నచో పండ్రెండేండ్లకు రమారమి రెట్టింపగును. నేడు 1,200 రూపాయలకు వచ్చు పుస్తకములకు అప్పుడు సుమారు 2,400 రూపాయలు కావలెను. వడ్డి చాలదు. పెక్కు స్మారకబహుమానములు మొదట ఘనముగా ప్రారంభమై, కాలక్రమమున ఒక కలము ధరకైనను చాలనివై, తుదకు మఱుపున పడుటకు కారణ మిదియే. ఎవ్వరును దొంగిలింపలేదు; ధరలు తినివేసినవి.

దీనికి మందొకటి కలదు. ఆ తరగతివారు పెద్దవారై ఉద్యోగములలో చేరినపిమ్మట, ఏటేట ఆ స్నేహితుని జన్మదినమున తలకొక కొంచెము సొమ్ము పంపవలెను. ముప్పదిమంది నూఱేసి రూపాయలు పంపినచో 3,000 రూపాయలగును. అది వడ్డికి రెండింత లగును. జన్మదిన మని యేల యంటిననగా, తల్లి యేటేట లెక్కించునది ఆ తేదీనే. మొదటి చందాకంటె ఈ యేటేటి చందాయే ముఖ్యము. అది చేతినుండి వచ్చుటకు ముందు జ్ఞప్తినుండి రావలెను.

8. కట్టుబాట్లు

నిధి చిన్నదైనను కట్టుబాట్లు వ్రాతమూలకముగ నుండవలెను. అందు ఈ విషయములు తప్పక యుండవలెను.

మొదటిది, ప్రయోజనము స్పష్టముగ నుండవలెను. “విద్యాభివృద్ధికి” అని వ్రాసిన నది దేనికైనను సాగును. సున్నము వేయించుటకు కూడ సాగును. “ఎనిమిదవ తరగతి బాలురకు గ్రంథాలయ పుస్తకములు” అని వ్రాయుడు. ఎన్నడైన నా ప్రయోజనము నెఱవేర్చుట యసాధ్యమైనచో దానికి దగ్గఱి పనికి వాడవచ్చునని కూడ వ్రాయుడు.

రెండవది, కాపాడువారు ముగ్గురికి తక్కువ కారాదు. పాఠశాలనుండి యొకరు, కుటుంబమునుండి యొకరు, పూర్వవిద్యార్థులనుండి యొకరు ఉండుట మేలు. ధనము తీయుటకు ఇద్దఱి సంతకములు కావలెను. ఒకరు తొలగినచో మఱియొకరు ఎట్లు వత్తురో ముందే నిర్ణయింపవలెను.

మూడవది, లెక్క ఏటేట పదిమందియెదుట చదువవలెను. పాఠశాల సంచికలో ప్రకటించిన మఱియు మంచిది. లెక్కచెప్పుట అనుమానమునకు గుర్తు గాదు, గౌరవమునకు గుర్తు.

నాలుగవది, చట్టపుమాట. 1882వ సంవత్సరపు భారత ట్రస్టుల చట్టము ముఖ్యముగా కుటుంబాదుల ప్రైవేటు ట్రస్టులకు సంబంధించినది. ప్రజోపకారమునకైన ధర్మనిధులకు వర్తించునది గాదు. ధర్మనిధుల ధనమును ప్రభుత్వ కోశాధికారి యధీనమున నుంచుటకు 1890వ సంవత్సరపు ధర్మాదాయముల చట్టము వీలు కల్పించినది. సంఘముగా రిజిస్టరు చేయదలచిన తెలంగాణమున 2001వ సంవత్సరపు సంఘముల రిజిస్ట్రేషను చట్టము కలదు. చిన్ననిధికి పాఠశాల యాజమాన్యము పేర ప్రత్యేకమైన బ్యాంకు నిలువయు, పై కట్టుబాట్ల పత్రమును చాలవచ్చును. పెద్దదైనచో న్యాయవాది సలహా తీసికొనుడు.

9. చేయరానివి

మృతుని కుటుంబము నడుగక నిధి ప్రారంభింపరాదు. కొందఱు తల్లిదండ్రులు బిడ్డపేరు ఏటేట సభలో వినవలెనని కోరుదురు. కొందఱికి ఆ పేరు వినుటయే గాయమును రేపును. వారు వలదన్నచో మన సదుద్దేశముకంటె వారి మాటయే పెద్దది. మొదటి నెలలలో ఏమియు నిర్ణయింపలేనివారికి వ్యవధి నియ్యవలెను. నిధికి తొందరలేదు.

చందాకై యే విద్యార్థినిగాని నిర్బంధింపరాదు. రూపాయి తెచ్చిన పిల్లవాడును, వేయి తెచ్చిన పిల్లవాడును ఒక్కటేరీతి పట్టీలో నెక్కవలెను. కొన్నియెడల ఫలకముమీద చందాదారుల పేర్లు పెద్దయక్షరములలోను, మరణించిన బిడ్డపేరు చిన్నయక్షరములలోను కనబడును. చదువువానికి స్మారక మెవరిదో తెలియదు.

సహాయము పొందిన పిల్లవానిని సభలో నిలువబెట్టి దీనుని చేయరాదు. మరణించినవాని గౌరవము బ్రదికినవాని యవమానముమీద నిలువదు. ఆ పిల్లవానికి ఒక కాగితమిచ్చినచో చాలును. అందు ఈ పుస్తకము ఎవరి పేరిట వచ్చినదో, ఆ బాలుడు ఎట్టివాడో, ఏమి యన్న సంతోషించెడివాడో పదిపంక్తులలో నుండవలెను. ఆ పదిపంక్తులను వానితో చదివిన స్నేహితుడే వ్రాయవలెను. పండితుడు వ్రాసినచో “సద్గుణసంపన్నుడు” అని వ్రాయును. స్నేహితుడు వ్రాసినచో “వాడు చెట్టెక్కి జామకాయలు కోసి అందఱికిని విసరుచుండెను” అని వ్రాయును. రెండవది చదివినవాడు మఱువడు.

10. ముగింపు

విద్యార్థులారా, మొదట చెప్పిన హాజరుపట్టీ మాట మరల తలంపుడు. ఎఱ్ఱగీత గీయుట ఉపాధ్యాయుని విధి, దానిని తప్పింపలేము. కాని యా పేరు మఱియొక పట్టీలో వ్రాయుట మన చేతిలోనున్నది. గ్రంథాలయపు పుస్తకముయొక్క మొదటి పుటలో, ఒక పల్లెబాలిక భోజనపు లెక్కలో, సాయంకాలపు గణితపు తరగతి తలుపుమీద ఆ పేరు వ్రాయవచ్చును. అచట నా పేరునకు ఏటేట నొక జవాబు వచ్చును. జవాబు చెప్పువాడు వేఱొకడు. అయినను బల్ల యదియే, పాఠ మదియే, అపుడు మానిన పని యదియే.

ఆ తల్లి సంవత్సరములు లెక్కించుచునే యుండును. ఆమెతోగూడ మనమును లెక్కింపగలిగినచో ఆమె యొంటరిది కాదు.

అభ్యాసము

(1) సహాయధనమునకును స్మారకనిధికిని గల భేదమేమి? పాకాలచెరువు ఉపమానమున కట్ట యేది, తూమునీ రేది?

(2) దామెర్ల రామారావుగారి మిత్రులు కాపాడిన దేమి? సాగించిన దేమి?

(3) గొల్లపూడి శ్రీనివాసు స్మారక బహుమానము మొదటి చిత్రము తీసినవారికే యేల యేర్పడెను?

(4) 40,000 రూపాయల మూలధనమునకు నూటికి 6 వంతున వడ్డి యెంత? అందు ఐదింట నాలుగుపాళ్లు వ్యయమైన రెండవయేటి మూలధన మెంత?

(5) మీ యింటియొద్దగాని, మీ యూరియందుగాని ఒకరి స్మృత్యర్థమై పేరు పెట్టబడిన వీధినో, భవనమునో, బావినో గుర్తించి, ఆ పేరుగలవా రెవరో పెద్దల నడిగి తెలిసికొని పదిపంక్తులలో వ్రాసి తీసికొనిరండు. ఎవ్వరును చెప్పలేకపోయినచో, ఎందఱి నడిగితిరో ఆ సంఖ్యను వ్రాయుడు.